నూరు గొప్పదా? ఒకటి గొప్పదా?



ఈసారి మీతో ఒక సంఖ్య గురించి మాట్లాడాలని ఉంది. లెక్కల పాఠమని భయపడకండి. నేను ఆర్ట్స్ చదివిన మనిషిని, లెక్కలు నాకూ అంతంతమాత్రమే. మాట్లాడుకోబోయేది నూరు గురించి. వంద అని కూడా అంటాం. హిందూపురం సంతలో తెలుగూ కన్నడమూ కలిసే వినిపిస్తాయి కదా, అక్కడ ఎవరు ఏ భాషలో బేరమాడినా "నూరు" అంటే ఇద్దరికీ అర్థమవుతుంది.

ఒక్క రోజు చెవులు తెరుచుకొని తిరిగి చూడండి. ఎక్కడ చూసినా నూరే. రూపాయికి నూరు పైసలు. మీటరుకు నూరు సెంటీమీటర్లు. క్వింటాలుకు నూరు కిలోలు. ఎకరాకు నూరు సెంట్లు. శతాబ్దానికి నూరేళ్ళు. నీళ్ళు నూరు డిగ్రీల దగ్గర మరుగుతాయి. పరీక్షకు నూరు మార్కులు. బ్యాటు పట్టినవాడికి నూరు పరుగులు కొడితే పండగ. కౌరవులు నూరుగురు. పద్యాలు నూరైతే శతకం. కాళ్ళకు దండం పెడితే పెద్దవాళ్ళు నూరేళ్ళు చల్లగా ఉండమంటారు. మనం తలుచుకుంటున్న మనిషి అప్పుడే గడపలోకి వస్తే "నీకు నూరేళ్ళు ఆయుష్షు" అంటాం. ఆ మనిషి ముప్పై ఏళ్ళకే పోయినా, అయ్యో, వాడికి నూరేళ్ళూ నిండిపోయాయి అంటాం.

ఇన్ని చోట్ల ఒకే సంఖ్య కనపడితే, ఇందులో ఏదో మహిమ ఉందనిపిస్తుంది. ప్రకృతే నూరును పూర్ణసంఖ్యగా ఎంచుకుందేమో అనిపిస్తుంది. నిజమేనా? ఎవరు చెప్పినా సరే, నమ్మే ముందు విచారించి చూడమన్నాడు బుద్ధుడు. విచారిద్దాం.

మొదట నీళ్ళు. 1742లో స్వీడన్ దేశపు సెల్సియస్ అనే శాస్త్రవేత్త తన కొలత పెట్టినప్పుడు నీళ్ళు మరిగే చోట సున్నా, గడ్డకట్టే చోట నూరు పెట్టాడు. తర్వాతివాళ్ళు దాన్ని తిరగేశారు. అంటే నూరు అనేది నీళ్ళలో లేదు, మనిషి గీసిన గీతలో ఉంది. ఇంకో సంగతి. నీళ్ళు నూరు డిగ్రీల దగ్గర మరిగేది సముద్ర మట్టం దగ్గర. హిందూపురం సముద్ర మట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తున ఉంది. అందుకే మన ఊళ్ళో నీళ్ళు దాదాపు 98 డిగ్రీలకే మరుగుతాయి. ఆ నూరు చేరకుండానే మన సంగటి ఉడుకుతోంది, మన కడుపు నిండుతోంది.

తర్వాత రూపాయి. 1957 ఏప్రిల్ 1 నుంచే రూపాయికి నూరు పైసలు. అంతకు ముందు రూపాయికి పదహారు అణాలు. అందుకే మన పెద్దవాళ్ళు నిండుదనం చెప్పాలంటే "పదహారణాల తెలుగుపిల్ల" అనేవాళ్ళు. ఇప్పుడు మనం "నూటికి నూరు పాళ్ళు" అంటాం. నిన్నటి పరిపూర్ణత పదహారు, ఈనాటిది నూరు.

శతకం సంగతీ అంతే. మన కదిరి దగ్గర కటారుపల్లిలో వేమన సమాధి ఉంది. ఆయన పద్యాలను వేమన శతకం అంటాం. ఆయన పేరు మీద దొరికిన పద్యాలు మాత్రం నూరుకు ఎన్నో రెట్లు. పెనుకొండకు పోతే ఆ ఊళ్ళో ఒకప్పుడు 365 గుళ్ళు ఉండేవని చెబుతారు, ఏడాదిలో రోజుకొకటి. ఎవరో ఒక్కొక్కటీ లెక్కపెట్టి చెప్పిన మాట కాదది. "చాలా ఉండేవి" అనడానికి ఒక అందమైన తీరు. మన సంప్రదాయం మాత్రం తక్కువ తిందా? అశోకుడు 84,000 స్తూపాలు కట్టించాడని మనమూ చెప్పుకుంటాం. అది కూడా అలాంటి సంఖ్యే.

అయితే నూరు ఎక్కడిది? మీ చేతులు చూసుకోండి. పది వేళ్ళు. పది పదులు నూరు. అంతే! మనిషికి ఎనిమిది వేళ్ళే ఉండుంటే ఈ పండగలన్నీ ఇంకో సంఖ్యకు చేసుకొనేవాళ్ళం. పది మంది ఒప్పుకొని వాడుకొనే ఇలాంటి సత్యాన్ని పాళీలో సమ్ముతి సచ్చం అంటారు, అంటే వ్యవహార సత్యం. అది అబద్ధం కాదు. అది లేకుంటే సంతలో బేరం జరగదు, పొలానికి హద్దు నిలవదు. కానీ అది పనిముట్టు. పనిముట్టును దేవుడిగా నిలబెట్టి మొక్కడం మొదలుపెడితేనే దుఃఖం.

ఎలాగంటారా? చూడండి. క్రికెట్‌లో బ్రాడ్‌మన్‌ను మించిన బ్యాట్స్‌మన్ లేడంటారు. 1948లో ఆయన చివరి టెస్టు ఆడుతున్నాడు. ఇంకో నాలుగు పరుగులు చేస్తే సగటు సరిగ్గా నూరు అవుతుంది. సున్నాకు అవుటయ్యాడు. సగటు 99.94 దగ్గర ఆగిపోయింది. ఎక్కువ టెస్టులు ఆడిన ఏ బ్యాట్స్‌మన్ సగటూ దాని దరిదాపుల్లో లేదు. అయినా ఇన్నేళ్ళ తర్వాత కూడా జనం చెప్పుకొనేది రాని ఆ నాలుగు పరుగుల గురించే. ఉన్న తొంభై తొమ్మిది కనపడదు, లేని ఒకటి కనపడుతుంది. తణ్హ అంటే, అంటే తృష్ణ అంటే ఇదే.

ఆట కాబట్టి సరిపోయింది. బతుకులో ఇదే లెక్క వేస్తే? పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజు "నూరు శాతం ఉత్తీర్ణత" అని బోర్డులు కట్టే బడులు చూస్తుంటాం. ఆ నూరు కోసం, చదువులో వెనకబడిన పిల్లవాణ్ణి ముందే "నువ్వు ప్రైవేటుగా కట్టుకో నాయనా" అని బయటికి పంపే బడులూ ఉన్నాయి. ఆ పిల్లవాడు ఎక్కువగా ఎవరి పిల్లవాడో నేను చెప్పక్కర్లేదు. ఇంట్లో చదువు చెప్పేవాళ్ళు లేని పిల్లవాడు, పొద్దున మగ్గం దగ్గరో గొర్రెల దగ్గరో పని చేసి వచ్చే పిల్లవాడు. వాణ్ణి తీసేస్తే నూరు నిండుతుంది. ఒక మనిషిని తగ్గిస్తే నిండే సంఖ్య ఏం సంఖ్య?

అంగులిమాలుడి కథ మనకు తెలుసు. తక్షశిలలో గురువు వెయ్యి వేళ్ళు దక్షిణగా అడిగాడని అట్ఠకథ చెబుతుంది. తొమ్మిది వందల తొంభై తొమ్మిది అయ్యాయి. ఇంకొక్కటి కావాలి. ఆ ఒక్కటి కోసం కన్నతల్లి ఎదురైనా వదిలేవాడు కాదు. అతని రోగం కోపం కాదు, పగ కాదు, సంఖ్య నింపాలన్న ఆరాటం. బుద్ధుడు ఎదురు వెళ్ళి ఆ లెక్క ఆపించాడు. ఆ తర్వాత జరిగింది ఇంకా గొప్ప విషయం. భిక్షువైన అంగులిమాలుడు భిక్షకు పోతూ, కాన్పు కష్టమై అల్లాడుతున్న ఒక స్త్రీని చూసి కదిలిపోయాడు. బుద్ధుడి దగ్గరికి వెళ్ళి చెప్పుకున్నాడు. ఆయన చెప్పినట్టే తిరిగి వచ్చి సత్యవాక్కు పలికి ఆమెకు ఊరట ఇచ్చాడు. వెయ్యి లెక్క పోయాకే ఆ చెవులకు ఒక్క మనిషి నొప్పి వినపడింది.

ఇప్పుడు మన జిల్లా మాట. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించాడు. దేశం మొత్తానికీ అది మొదలైంది మన కరువు నేల మీదే. మనవాళ్ళు దాన్ని కరువు పని అన్నారు, వంద రోజుల పని అన్నారు. 2005లో చేసిన ఆ చట్టంలో రాసింది ఏమిటి? ఏడాదికి ఒక కుటుంబానికి వంద రోజులకు "తగ్గకుండా" పని. అంటే నూరు అనేది నేల, అంతకు కిందికి పోకూడదు. ఊళ్ళల్లో అమలైంది ఎలా? "మీ వంద అయిపోయింది, ఇంకొచ్చే ఏడు రాపో" అని. నేలగా వేసిన బండనే పైకప్పుగా మార్చేశారు. ఇంకోటి గమనించారా? ఆ నూరు మనిషికి కాదు, కుటుంబానికి. ఒక ఇంట్లో అత్త, కోడలు, కొడుకు ముగ్గురూ పనికి పోతే ముగ్గురికీ కలిపి నూరే. సంఖ్య గుండ్రంగా ఉంది, దాన్ని పంచుకొనేవాళ్ళ భాగం చిన్నదైంది.

"అయితే లెక్కలు వద్దంటావా?" అని మీరు అడగొచ్చు. ముమ్మాటికీ కాదు. నేను ఉద్యమాల్లో తిరిగేదాన్ని. లెక్క లేని చోట పేదవాడి మాట ఎవడూ వినడని నాకు తెలుసు. ఎంతమందికి పట్టా లేదు, ఎంతమందికి కూలి పడలేదు అని కాగితం మీద పెడితేనే ఆఫీసులో కుర్చీ కదులుతుంది. లెక్క పెట్టాలి. ఎందుకు పెడుతున్నామన్నదే ప్రశ్న. ఒక్కొక్కరి దాకా చేరడానికి పెడుతున్నామా, ఒక్కొక్కరినీ మరిచిపోవడానికి పెడుతున్నామా?

ఈ ప్రశ్నకు జవాబు మనకు దగ్గర్లోనే రాతి మీద ఉంది. గుత్తికి దగ్గర్లో, కర్నూలు జిల్లా ఎర్రగుడిలో అశోకుడి శాసనాలు ఉన్నాయి. అందులో పదమూడో శాసనం కళింగ యుద్ధం గురించినది. లక్ష మంది అక్కడ చనిపోయారని, లక్షన్నర మందిని పట్టుకుపోయారని చక్రవర్తి తానే చెక్కించాడు. అవి గుండ్రని సంఖ్యలే, నిజమే. కానీ ఆయన అక్కడ ఆగలేదు. అప్పుడు పోయినవాళ్ళలో నూరో వంతు, చివరికి వెయ్యో వంతు మందికి ఆ కష్టం వచ్చినా ఇప్పుడు తనకు అది భరించరాని దుఃఖమే అన్న భావం రాయించాడు. గెలిచిన రాజులు చంపిన సంఖ్యను పెంచి చెప్పుకుంటారు. ఈయన ఆ సంఖ్యను నూరుతో భాగించాడు, వెయ్యితో భాగించాడు, మనిషి కనపడే దాకా కిందికి దిగాడు.

నూరో వంతు అంటే మన భాషలో సెంటు. ఎకరాలున్న ఆసామికి ఒక సెంటు గట్టు కింద పోతుంది, అడగను కూడా అడగడు. భూమి లేనివాడికి ఆ సెంటూ సెంటున్నరే ఇల్లు. నూరో వంతు ఎంత అన్నది పైనుంచి చూసేవాడికీ కింద నిలబడ్డవాడికీ ఒకటి కాదు.

కిసా గోతమి చనిపోయిన బిడ్డను చంకనేసుకొని వచ్చినప్పుడు, నూటికి నూరు మందీ పోయేవాళ్ళేనమ్మా అని బుద్ధుడు అనొచ్చు. అది నిజమే కదా! లోకంలో నూటికి నూరు పాళ్ళు నిజమైన మాట అదొక్కటే. కానీ ఆయన ఆ లెక్క చెప్పలేదు. చావు ఎరగని ఇంటి నుంచి కాసిని ఆవాలు తెమ్మన్నాడు. ఆమె గడప గడపా ఎక్కింది. ఒక ఇంట్లో భర్త పోయాడు, ఇంకో ఇంట్లో బిడ్డ పోయింది. ఒక్కొక్క ఇంటి దుఃఖం విన్నాక తన దుఃఖం అర్థమైంది. లెక్క చెప్పి ఉంటే ఆమెకు ధమ్మం అందేది కాదు.

ధమ్మపదంలో సహస్స వగ్గం అని ఎనిమిదో అధ్యాయం ఉంది. అది సరిగ్గా నూరో గాథతోనే మొదలవుతుంది. తీసి చదవండి. అందులో తక్కెడకు ఒక పక్క వెయ్యో నూరో పెడతాడు బుద్ధుడు, ఇంకో పక్క ఒకటి పెడతాడు. మళ్ళీ మళ్ళీ ముల్లు ఆ ఒకటి వైపే మొగ్గుతుంది. బాబాసాహెబ్ అంబేద్కర్ 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో హెచ్చరించింది కూడా ఈ ఒకటి గురించే. రాజకీయాల్లో ఒక మనిషికి ఒక ఓటు, ఒకే విలువ ఇస్తున్నాం, కానీ సామాజిక, ఆర్థిక జీవితంలో ఆ ఒకే విలువను నిరాకరిస్తూ పోతామా అని ఆయన అడిగాడు.

ఇది పుస్తకాల్లోనే ఉందనుకోకండి. ధర్మవరంలో ఏ మగ్గం దగ్గరైనా కాసేపు నిలబడండి. పడుగులో వేల పోగులు ఉంటాయి. అందులో ఒక్క పోగు తెగితే నేతగాడు ఏం చేస్తాడు? "వేలల్లో ఒకటే కదా, పోనీ" అనడు. మగ్గం ఆపి, ఆ పోగు వెతికి, ముడి వేసి, మళ్ళీ నేస్తాడు. వదిలేస్తే బట్ట పొడవునా అక్కడ చార పడుతుందని అతనికి తెలుసు. మరి ఆ నేతగాడే అప్పులకు తాళలేక తెగిపోతే, సమాజమనే మగ్గం ఆగుతోందా? ఒకడు పోతే పేపర్లో లోపలి పేజీ. నూరు మంది పోతే మొదటి పేజీ. నూరో మనిషి దాకా కాచుకొని కూర్చోవడమేనా మన కరుణ?

మిత్రులారా, ఈ పుస్తకం పక్కన పెట్టాక ఒక చిన్న సాధన చేయండి. ఇక మీదట ఎవరు ఏ గుండ్రని సంఖ్య చెప్పినా, నూరు శాతం అన్నా, లక్ష మంది అన్నా, మనసులో ఒక ప్రశ్న వేసుకోండి: ఇందులో లెక్కకు రానివాడు ఎవరు? వాడి ఇల్లు ఎక్కడ? మీ వీధిలో అలాంటి ఒక్క ఇల్లు మీకు తప్పక తెలిసి ఉంటుంది. మెత్త భావనలో సర్వ జీవులూ సుఖంగా ఉండాలని తలుస్తాం కదా, ఆ సర్వ జీవుల్లో మొదటి జీవి ఆ ఇంట్లోనే ఉంది. ఈ వారం ఆ ఒక్క గడప ఎక్కండి. నూరు నిండకపోయినా ఫరవాలేదు.