ఆ ఇరవై ఏళ్ళూ ఏమైనట్టు?

మొన్నామధ్య మా ఇంటికొచ్చిన ఓ పాత స్నేహితురాలు మాటల మధ్య, "వీణా? అదెప్పుడో పెళ్ళయ్యాక అటకెక్కించేశాం" అంటూ నవ్వేసింది. నేనూ నవ్వాను. ఆవిడ వెళ్ళాక మాత్రం ఆ "ఎక్కించేశాం" నన్ను వదల్లేదు. అందులో ఆ "మేము" ఎవరంటారు?

అప్పుడు రూత్ క్రాఫర్డ్ సీగర్ గుర్తొచ్చింది. అమెరికన్ స్వరకర్త. 1901లో ఒహాయో రాష్ట్రంలో ఒక మతబోధకుడి ఇంట పుట్టింది. 1914లో తండ్రి పోతే, తల్లి ఇంట్లో గదులు అద్దెకిచ్చి సంసారం లాక్కొచ్చింది. పియానో పాఠాలు చెప్పుకుని బతుకుతుందిలే అని పిల్లని షికాగో పంపిస్తే, అక్కడ ఈవిడ ఏకంగా సంగీతం రాయడం మొదలుపెట్టింది! 1930లో గుగెన్‌హైమ్ ఫెలోషిప్ అందుకుంది. స్వరరచనకి ఆ గౌరవం పొందిన మొదటి స్త్రీ ఆవిడే. ఆ డబ్బుతో బెర్లిన్ వెళ్ళి, 1931లో రెండు వయొలిన్లకీ, ఒక వయోలాకీ, ఒక చెల్లోకీ ఒక రచన చేసింది. అందులో మూడో భాగం విని తీరాలి. నాలుగు వాద్యాలూ కలిసే మోగుతుంటాయి, కానీ ఒకదాని గొంతు పెరిగేవేళకి ఇంకోటి తగ్గుతుంది. పాట ఏ ఒక్కదాని సొంతమూ కాదు. ఉమ్మడి కుటుంబంలో పెరిగినవాళ్ళకి ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

మరుసటేడు తన గురువు చార్లెస్ సీగర్‌ని పెళ్ళాడింది. ఆడవాళ్ళు స్వరరచన చేయగలరని మొదట్లో ఆయనకి పెద్దగా నమ్మకం ఉండేది కాదట! (మన బడిపిల్లలు పాడే "హమ్ హోంగే కామ్‌యాబ్" ఇంగ్లీషు మూలాన్ని ఊరూరా పాడిన పీట్ సీగర్ ఆయన మొదటి పెళ్ళి కొడుకే.) ఆ తర్వాత నలుగురు పిల్లలు. దేశమంతా ఆర్థికమాంద్యం, ఇంట్లో డబ్బుకి కటకట. సొంత రచన దాదాపు ఆగిపోయింది.

ఊరికే కూచుందా అంటే, లేదు. వాషింగ్టన్‌లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సేకరించిన జానపద గీతాల రికార్డులు ముందు పెట్టుకుని, పల్లెవాళ్ళ గొంతుల్లోని చిన్న చిన్న విరుపులు సైతం జారిపోకుండా కాగితం మీదికెక్కించింది. కూతురు వెళ్ళే నర్సరీ బడిలో పిల్లలకి ఆ పాటలే నేర్పింది. అవే 1948లో పుస్తకమయ్యాయి. ఇంట్లో పియానో పాఠాలు సరేసరి. చివరికి 1952లో మళ్ళీ తన సొంత గొంతుతో ఒక పెద్ద రచన చేసింది. 1953 నవంబరులో క్యాన్సరుతో పోయింది. యాభై రెండేళ్ళు.

ఇప్పుడు కొందరు "అయ్యో, ఎంత ప్రతిభ వృథా అయింది" అంటారు. ఇంకొందరు "ఎంత త్యాగం" అంటారు. నాకు ఈ రెండు మాటలూ గిట్టవు. మొదటి మాట పిల్లల పాటల్ని చిన్నబుచ్చుతుంది. రెండోది ఇంకా ప్రమాదం. దణ్ణం పెట్టేశాక ఇక ప్రశ్న అడగం కదా! ఆవిడ ఇష్టపడే ఆ పని చేసి ఉండొచ్చు. సంగీతం మామూలు జనానికి చెందాలని ఆ భార్యాభర్తలిద్దరూ గాఢంగా నమ్మినవాళ్ళు. కానీ నమ్మకం ఇద్దరిదీ అయినప్పుడు, కలం పక్కన పెట్టాల్సి వచ్చింది ఎక్కువగా ఎవరికి? ఆ పాటల పని గొప్పదే కనక నష్టమేమీ లేదనడం కూడా నాకు సబబుగా తోచదు. చేసిన పని విలువ వేరు, చేయలేకపోయిన పని లెక్క వేరు. ఒకటి చూపించి రెండోది కొట్టేయలేం.

నా సంగతే చెప్తాను. పిల్లలు చిన్నవాళ్ళుగా ఉన్న ఆరేళ్ళూ నేనేమీ రాయలేదు. రాయాలనిపించలేదనే ఇన్నాళ్ళూ అందరికీ చెప్పాను, నేనూ నమ్మాను. ఈమధ్య ట్రంకుపెట్టె సర్దుతుంటే పాల లెక్కల పుస్తకం దొరికింది. చివరి పేజీల్లో నా దస్తూరీతో మూడు పేజీల కథ, వాక్యం మధ్యలో ఆగిపోయి ఉంది. ఎవరు పిలిస్తే లేచానో గుర్తు లేదు.

వీణ ఇంకా అటక మీదే ఉందా, ఎవరికైనా ఇచ్చేశారా అని ఆ స్నేహితురాలిని అడగాలనుంది. ఫోను రెండుసార్లు తీసి పెట్టేశాను.