వేరు పట్టనిద్దాం



తొలకరి పడ్డాక ఆగిరిపల్లి తోటల్లో మామిడి అంటు నాటడం చూశారా? సంచి చింపేటప్పుడు వేళ్ల చుట్టూ ఉన్న మట్టిగడ్డ చెదరకుండా రైతు రెండు చేతులా పట్టుకుంటాడు. గాలికి ఒరగకుండా పక్కన కర్ర పాతి కడతాడు. మొదటి రెండు మూడేళ్లు పూత వచ్చినా తుంచేస్తాడు. ముందు వేరు పట్టాలి, కాపు తరవాత.

ఆ తోటలకు దగ్గర్లోనే నూజివీడు ట్రిపుల్ ఐటీ. 2008లో మొదలైన ఆ ప్రాంగణానికి పదో తరగతి కాగానే పల్లెల పిల్లలు వస్తారు, ఆరేళ్ల చదువుకి. హాస్టల్లో తొలి రాత్రి పదిహేనేళ్ల పిల్లకు నిద్ర పట్టకపోతే అది బలహీనత కాదు. వేరు కొత్త నేలను వెతుక్కుంటోందంతే.

తల్లీ, బాబూ, ఇంటి మీది బెంగను దాచుకోకండి. అదే మీ వెంట వచ్చిన మట్టిగడ్డ. పక్క మంచం నేస్తాన్ని పేరు పెట్టి పలకరించండి, ఆసరా కర్ర అక్కడే దొరుకుతుంది.

అమ్మానాన్నలారా, ఫోనులో ముందు మార్కులు అడక్కండి. "తిన్నావా? స్నేహితులు కుదిరారా?" అని అడగండి. వేరు పట్టనివ్వండి. చిన్నరసం మామిడి తీపి దాని కాలానికి అదే వస్తుంది.