నోటిని కాపాడుకోవడమూ శీలమే



వెలుగోడు ధమ్మ బంధువులారా, వందన చేసిన ప్రతిసారీ పంచశీలం తీసుకుంటాం. ఐదో శీలం అనగానే సారాయి, బ్రాందీ దగ్గరే ఆగిపోతాం. "నేను మందు తాగను గదా, బీడీకేముంది?" అంటారు పెద్దలు. "ఇది వేప్, నాయనా. పొగ కాదు, ఆవిరే. ఏం గాదు" అంటారు పిల్లలు.

ఎవరో చెప్పారని నమ్మొద్దు, పరీక్షించి చూసుకోమని బుద్ధుడు కాలాములకు చెప్పాడు. సరే, పరీక్షిద్దాం.

బీడీలో, సిగరెట్టులో పొగాకు కాలుతుంది. ఆ పొగ పండ్లకు గార పట్టిస్తుంది, నోట్లో పుండు పడితే తొందరగా మాననివ్వదు, క్యాన్సర్ దాకా తీసుకపోతుంది. శ్రీకాకుళం, విశాఖ తీరంలో కొందరు ఆడవాళ్లు చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకొని తాగుతారు. అడ్డపొగ అంటారు దాన్ని. అది అంగిట్లో క్యాన్సర్ తెస్తుందని డాక్టర్లు ఎప్పుడో తేల్చారు.

మరి వేప్? పేరు వేప్ అయినా అది వేపపుల్ల కాదు. దాంట్లో ఆకు కాలదు, తారు ఉండదు. ఆ మేరకు సిగరెట్టు కంటే విషం తక్కువే, నిజం దాచకూడదు. కానీ తక్కువ విషమంటే అసలు లేదని కాదు. ఆ ఆవిరి నోటిని ఎండబెడుతుంది. ఉమ్మి తగ్గితే పండ్లు పుచ్చుతాయి. ఇక నికోటిన్ రెండిట్లోనూ ఉండేదే. అది చిగుళ్ల రక్తనాళాలను కుదిస్తుంది. చిగురు లోపల చెడుతున్నా పైకి రక్తం అంతగా కారదు. మనకు తెలిసేసరికి పన్ను కదులుతుంటుంది.

హాని జరుగుతున్నా తెలియకపోవడం! ధమ్మంలో దీన్నే పమాదం, అంటే ఏమరుపాటు అంటారు. మత్తును ఐదో శీలం వద్దనేది ఈ ఏమరుపాటుకు అది తావిస్తుందనే.

చట్టమూ వద్దంది. 2019లో కేంద్రం ఈ-సిగరెట్ల తయారీ, అమ్మకం, నిల్వ అన్నీ నిషేధించింది. మొదటిసారి అమ్మి దొరికినా ఏడాది దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ.

1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ పాత బానిసత్వం నుంచి మనకు దారి చూపారు. కూలి డబ్బులు పెట్టి కొత్త బానిసత్వం కొనుక్కుందామా?

పిల్లోడి జేబులో ఆ మిషను కనబడితే కొట్టొద్దు, తిట్టొద్దు. కూర్చోబెట్టి మైత్రితో చెప్పండి. ముందు మీ బీడీ కట్ట పక్కన పెట్టి చెప్పండి. అద్దంలో నోరు చూసుకోండి. తెల్లమచ్చ గానీ ఎర్రమచ్చ గానీ ఉన్నా, రెండు వారాలకూ మానని పుండు ఉన్నా పండ్ల డాక్టరు దగ్గరికి పోండి. మానాలనుకుంటే 1800-11-2356కు ఫోన్ చేయండి, ఖర్చు లేదు. ఒక్కరే మానలేకపోతే ఇద్దరు కలిసి మొదలుపెట్టండి. సంఘం ఉన్నది అందుకే.

జై భీమ్! నమో బుద్ధాయ!