త్రవ్వని బావుల ఋణము

యొర్దాను నదిని దాటిన తరువాత గిల్గాలులో పండ్రెండు రాళ్లు నిలువబెట్టబడిన వృత్తాంతము క్రైస్తవ గృహములలో చిన్నపిల్లలకు సయితము తెలిసినదే. అయితే ఆ రాళ్లమీద ఏదైనను చెక్కబడినట్లు గ్రంథము చెప్పదు. పేరు లేదు, తేది లేదు. రాబోవు తరములో పిల్లలు వాటిని చూచి అర్థమడుగుదురనియు, అడిగినప్పుడు తండ్రులు చెప్పవలెననియు మాత్రమే ఏర్పాటు. అనగా జ్ఞాపకము రాతిలో లేదు. అడుగువాని నోటను, చెప్పువాని నోటను ఉన్నది. చెప్పువాడు లేనినాడు ఆ పండ్రెండును ఏటి ఒడ్డుననుండు తక్కిన రాళ్లవంటివే.

గిల్గాలులో అడుగువాడును చెప్పువాడును ఒకే వంశమువారు గనుక అక్కడ చిక్కు లేదు. ఒకడు తన పితరులెవరును ఎరుగని ఊరిలో పుట్టి, అక్కడి నీరు త్రాగి, అక్కడి కూలితో బిడ్డలను పెంచినయెడల, తాను రాకముందున్న ఆ ఊరి చరిత్ర అతనిదగునా, కాదా? పొట్టకూటికై రంగూనుకును, ఖరగ్‌పూరుకును, జంషెడ్‌పూరుకును తరలిపోయిన జాతికి ఇది పుస్తకములలోని ప్రశ్న కాదు. భిలాయిలోని తెలుగు కుటుంబములకు అది మరింత దగ్గరి ప్రశ్న.

1955 ఫిబ్రవరి 2న భారత ప్రభుత్వమును సోవియట్ ప్రభుత్వమును ఢిల్లీలో ఒడంబడిక చేసికొనినప్పుడు, దుర్గ్ జిల్లాలోని ఆ ప్రాంతము వరిపొలములును, చెరువులును గల పల్లెసీమ. నాడది మధ్యప్రదేశ్ రాష్ట్రములోనిది; 2000 నవంబరు 1 నుండి ఛత్తీస్‌గఢ్ లోనిది. నాలుగేండ్లలో, 1959 ఫిబ్రవరి 4న, రాష్ట్రపతి రాజేంద్రప్రసాదు మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించిరి. ఏటికి 10 లక్షల టన్నుల ఉక్కు తీయవలెనని మొదటి సంకల్పము. దల్లీ రాజహరా కొండలనుండి ఇనుపరాయి వచ్చెను. నందినీ గనులనుండి సున్నపురాయి వచ్చెను. దేశము నలుమూలలనుండి మనుష్యులు వచ్చిరి. విజయనగరమునుండి రాయపూరు వరకు రైలుమార్గము 1931లోనే పూర్తియైయున్నందున ఉత్తరాంధ్రవారికి ఆ దారి సుళువైనది. ఖుర్సీపారులోను, క్యాంపు ప్రాంతములలోను నేటికిని వీధిలో తెలుగు వినబడును. మొదట వచ్చినవారి మనుమలు, మునిమనుమలు అక్కడ పుట్టిరి. వారికి శ్రీకాకుళము సెలవులకు వెళ్లు ఊరు; స్వంత ఊరు భిలాయియే.

ఇట్టి ఊరిలో చారిత్రక చిహ్నములేమి ఉండగలవని ఒకడు నవ్వవచ్చును. ఉక్కునగరములో పేటలకు పేర్లకు మారు అంకెలు పెట్టిరి: సెక్టరు 1, సెక్టరు 2, ఈలాగున. అంకెకు పూర్వచరిత్ర ఉండదు. బహుశః క్రొత్త భారతమును కట్టువారికి అదియే నచ్చియుండును. 1972లో రెండు దేశముల స్నేహమునకు గురుతుగా మైత్రీబాగ్ అను తోట ఏర్పడెను. ఆ స్నేహితులలో ఒకరైన సోవియట్ రాజ్యము 1991లో లేకుండపోయినది. తోటయు, అందలి జంతువులును, ఆదివారము పిల్లలతో వచ్చు కుటుంబములును మిగిలియున్నవి. స్మారకమును కట్టినవారికంటె స్మారకమే ఎక్కువకాలము బ్రదుకుట లోకములో క్రొత్త కాదు గాని, ఇంత త్వరగా జరుగుట అరుదు.

కొంత దూరమున చరోదా దగ్గర దేవబలోదా అను పల్లెలో కలచురి రాజుల కాలపు శివాలయమొకటి కలదు. దానిని పురావస్తు శాఖ కాపాడుచున్నది. చదువుకొనిన వ్యక్తిని భిలాయి ప్రాంతపు వారసత్వమేది అని అడిగినచో దానినే చూపును. అది తప్పు కాదు. అయితే రాజులు కట్టినది వారసత్వమనియు, రైతు త్రవ్వినది మట్టిపని అనియు ఎంచుట మనకు అలవాటైపోయినది. రువాబాంధా, రిసాలీ, మరోదా అను పేర్లు నేడు సెక్టర్లకు, పేటలకు చెల్లుచున్నవి. అవి అంతకుముందు గ్రామముల పేర్లు. బాంధా అనగా ఆ సీమవారి భాషలో గట్టు కట్టిన చెరువు. ఒక చెరువును ఎవరో త్రవ్విరి, గట్టును ఎవరో మోసిరి. ఆ పేరును చిరునామాలో ప్రతిదినము వ్రాయువారు దాని అర్థము తలంచరు. కర్మాగారమునకు నీరు తాందులా జలాశయపు కాలువద్వారా మరోదాకు వచ్చును. ఆ కాలువయు ఉక్కు రాకముందు, పైరుకొరకు త్రవ్వబడినదే.

ద్వితీయోపదేశకాండములో ఇశ్రాయేలీయులకు ఒక హెచ్చరిక కలదు: తాము కట్టని ఇండ్లలో కాపురముండి, తాము త్రవ్వని బావుల నీరు త్రాగి తృప్తిపొందిననాడు మరచిపోకుడని. అక్కడ మరవకూడనివాడు దేవుడు. బావి త్రవ్వినవారిని తలంచుకొనుమని ఆ వాక్యము చెప్పదు. దానిని దాచిపెట్టి సులభముగా ప్రసంగించుట వేదపండితునికి తగదు. ఆ బావులను త్రవ్వినవారికి అందులో పేరే లేదు. అయినను అదే ధర్మశాస్త్రము మరియొక చోట పూర్వికులు పాతిన సరిహద్దురాతిని తీసివేయకూడదని ఆజ్ఞాపించుచున్నది. శంకుస్థాపన రాయి ఒకటి, సరిహద్దు రాయి ఒకటి. మొదటిదానిపై అధికారి పేరుండును. రెండవదానిపై ఏమియు ఉండదు, కాని పొలము ఎవరిదో ఊరంతయు ఎరుగును. కర్మాగారము లేచు ప్రతిచోటను మొదటిది నాటబడుటకు ముందు రెండవది పెరికివేయబడును.

నష్టపరిహారము చెల్లించిరి గదా, కొందరికి ఉద్యోగములును ఇచ్చిరి గదా, ఇంకను ఋణమేమున్నది అని న్యాయముగానే అడుగవచ్చును. అహాబు రాజు సయితము నాబోతునకు మంచి వెలయో, మేలైన మరియొక ద్రాక్షతోటయో ఇచ్చెదననెను. ఆ బేరము అన్యాయమైనది కాదు. నాబోతు ఒప్పుకొననిది ధర తక్కువైనందున కాదు, అది పిత్రార్జితమైనందున. దేశమునకు ఉక్కు కావలసియుండెను. భిలాయి పట్టాలమీద కోట్లాది జనులు ప్రయాణము చేసిరి. ఆ కర్మాగారము కట్టుట తప్పని చెప్పుట బుద్ధిహీనత. అయితే వెల భూమికి చెల్లును. ఇచ్చినవాని పేరు మరచుటకు వెల చెల్లింపబడలేదు. భిలాయిని దీర్ఘకాలము పరిశీలించిన మానవశాస్త్రజ్ఞుడు జానథన్ ప్యారీ, ఆ కట్టడముల కాలములో నరబలిని గూర్చిన వదంతులు పల్లెలలో వ్యాపించెనని వ్రాసియున్నాడు. మూఢనమ్మకమని త్రోసివేయుట తేలిక. కాని క్రొత్త కొలిమికొరకు ఎవరో బలియగుచున్నారని పల్లెవారికి తోచినదానిలో సత్యాంశమే లేదని ఎవరు చెప్పగలరు?

మరియొక ఆక్షేపణ ఇంతకంటె బలమైనది. ఉత్తరాంధ్రనుండి వచ్చిన కూలివాడు దొర కాడు. అతడును భూమి లేకయో, చాలకయో వచ్చినవాడే. అతనికి ఎవరును స్తంభమెత్తలేదు. ఇతరుల జ్ఞాపకభారమును కూడ అతని మనుమని నెత్తిన పెట్టుట ధర్మమా? ఆ కొలిమి పనివారిని కూడ తీసికొనినది. 2014 జూన్ 12న పంపుహౌసులో విషవాయువు వ్యాపించి ఆరుగురు చనిపోయిరి. 2018 అక్టోబరు 9న గ్యాసు గొట్టమువద్ద మంటలు చెలరేగి పదిమందికి పైగా మరణించిరి. ప్రక్కనున్న ప్రైవేటు కర్మాగారముల కాంట్రాక్టు కార్మికులు 1992 జూలై 1న పవర్‌హౌస్ స్టేషనులో రైలుపట్టాలపై కూర్చుండగా పోలీసు కాల్పులలో 16 మంది కార్మికులు కూలిరి. వారి నాయకుడు శంకర్ గుహా నియోగి అంతకుముందు సంవత్సరము, సెప్టెంబరు 28న, నిద్రలోనే హత్యచేయబడెను.

ఈ రెండు జ్ఞాపకములును ఒకదానికొకటి పోటీ కావు. ఒక దుఃఖమునకు చోటిచ్చిన హృదయములో మరియొకదానికి చోటు తగ్గునని ఎంచువాడు దుఃఖమును ఎరుగనివాడు. తెలుగువారికి ఇది విశాఖపట్టణమే నేర్పవలసినది. అక్కడి ఉక్కు కర్మాగారముకొరకు 1966లో ప్రాణములిచ్చినవారిని రాష్ట్రమంతయు తలంచును. 1971 జనవరి 20న శంకుస్థాపన చేసిన ప్రధాని ఇందిరాగాంధీని కూడ తలంచును. భూములిచ్చి లేచిపోయిన అరువదికి పైగా గ్రామములవారికి మాత్రము దశాబ్దములపాటు నిర్వాసితులను మాటయే పేరైనది. విశాఖలో తనవారి పక్షమున నొచ్చుకొను తెలుగువాడు, భిలాయిలో పరుని పక్షమున నొచ్చుకొనకుండుటకు కారణము చెప్పవలసియుండును.

గోదావరి డెల్టాలోని కాలువ ఊళ్లలో కాటన్ దొర విగ్రహము లేని ఊరు వెదకవలసిందే. 1847 నుండి 1852 వరకు ధవళేశ్వరము ఆనకట్టను కట్టించిన ఆయనకు ఆ గౌరవము తగును; అన్నము పెట్టినవానిని మరువని రైతుల కృతజ్ఞత శ్లాఘ్యమైనది. ఆ రాళ్లు మోసిన వేలాది కూలివారు మాత్రము ఆ విగ్రహపు నీడలోనే ఉండిపోయిరి. ప్రతివానికి విగ్రహము పెట్టవలెనని కాదు. విగ్రహములకు ఒక అపాయము కలదు: ఏటికొకసారి దండవేసి, మిగిలిన దినములు నిశ్చింతగా నుండవచ్చును. ప్రవక్తల సమాధులను అలంకరించువారిని ప్రభువు గద్దించినది అలంకారము నిమిత్తము కాదు.

దల్లీ రాజహరాలో 1977 జూన్ మాసమున గనికార్మికులపై కాల్పులు జరిగి పలువురు చనిపోయిరి. వారి సహచరులు చేసినదేమనగా, తమ చందాలతోను, తమ చేతులతోను ఒక ఆసుపత్రి కట్టి, 1983 జూన్ 3న దానిని తెరచి, షహీద్ ఆసుపత్రి అని పేరు పెట్టిరి. అక్కడికి ప్రసవమునకు వచ్చు స్త్రీ, జ్వరముతో వచ్చు బాలుడు, ఈ పేరేమని ఎప్పుడో ఒకప్పుడు అడుగకమానరు. ఆ కార్మికులే, 1857 డిసెంబరు 10న రాయపూరులో చంపబడిన సోనాఖాన్ జమీందారు వీర నారాయణ్ సింగును జనుల నోటికి మరల తెచ్చిరి. కరవుకాలములో వ్యాపారి గాదెలలోని ధాన్యమును ఆకలిగొన్నవారికి పంచిపెట్టిన ఆయన చరిత్రను బడిపుస్తకములకంటె ముందు గనులలోని కూలివారు చెప్పుకొనిరి. ఇప్పుడు రాయపూరులోని గొప్ప క్రికెట్ మైదానము ఆయన పేర ఉన్నది. గిల్గాలు ఏర్పాటు అనగా ఇదియే.

మన దేశపు 1958వ సంవత్సరపు చట్టము ప్రకారము ఒక కట్టడము ప్రాచీనమని ఎంచబడుటకు నూరేండ్లు నిండవలెను. ఆ లెక్కన భిలాయి మొదటి ఫర్నేసు నిలిచియుండినచో 2059లో ప్రాచీనమగును. 1955లో రువాబాంధా చెరువులో ఈతకొట్టిన పదేండ్ల బాలునికి ఇప్పుడు ఎనుబది దాటినది. రాయపూరు రైలునుండి సంచితో దిగిన తెలుగు యువకునికి ఇంకను ఎక్కువ. ఏ పొలము ఏ సెక్టరైనది, ఏ గట్టుమీద ఏ చెట్టుండెను, మొదటి వర్షములో క్యాంపు గుడిసెలు ఎట్లు కొట్టుకొనిపోయెను అని వారిని అడిగి ఒక నోటుపుస్తకములో వ్రాసికొనుటకు చట్టము అక్కరలేదు, ఫలకము అక్కరలేదు. ఛత్తీస్‌గఢీ ముసలివాని ఇంటికిని తెలుగు ముసలివాని ఇంటికిని మధ్య దూరము ఖుర్సీపారులో సైకిలుమీద పది నిమిషములు.