సెలవు రోజున సూరత్ నడిచి చూడు, బిడ్డా

బిడ్డా, సూరత్ లింబాయత్‌లో గది దొరికిందని, సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పని కుదిరిందని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. సంతోషం. సేట్ చేత మాట పడకుండా పని చేస్తావు, నెల తిరిగేసరికి ఇంటికి పైసలు పంపుతావు. ఆ నమ్మకం నాకుంది. నేను చెప్పదలచుకున్నది నీ సెలవు రోజు గురించి.

సెలవొస్తే మన పిల్లగాండ్లు మధ్యాహ్నం దాకా పడుకుంటారు. లేచాక ఫోన్ పట్టుకుంటారు. ఏళ్లకేళ్లు ఇక్కడ బతికినా గది, కార్ఖానా, రైల్వే స్టేషన్ తప్ప ఇంకేమీ ఎరగనివాళ్లు మనలో ఎంతోమంది ఉన్నారు. నువ్వు అట్లా కావద్దు. అన్నం పెడుతున్న ఊరిని ఒక్క రోజన్నా కాలినడకన తిరిగి చూడు. ఇంగ్లండులో సెలవు రోజున ఇంటిల్లిపాదీ తిండి మూట కట్టుకొని పల్లెల మీదుగా నడిచి రావడం మామూలే. పొలాల మధ్య కాలిబాటల మీద నడిచే హక్కును అక్కడ చట్టమే కాపాడుతుంది. మనకూ కాళ్లున్నాయి, చూడదగ్గ ఊరుంది.

చలికాలమైతే మేలు. పొద్దున్నే ఆటోలో కతార్‌గాం దర్వాజా దగ్గర దిగి, ఇంగ్లీషువాళ్ల సమాధుల తోట ఎక్కడని అడుగు. లోపలికి పోగానే గుమ్మటాలు చూసి నవాబుల గోరీలనుకుంటావు. అవి ఈస్టిండియా కంపెనీ వర్తకులవి. అన్నిటికన్నా గొప్పది ఆక్సెండెన్ సోదరులది. క్రిస్టఫర్ 1659లో, జార్జ్ 1669లో పోయారు. 1664లో శివాజీ సూరత్ మీదికి వచ్చినప్పుడు ఇక్కడి ఇంగ్లీషు కోఠీకి, అంటే వాళ్ల వ్యాపార స్థావరానికి, పెద్ద ఈ జార్జే. రెండంతస్తుల కట్టడం, లావుపాటి స్తంభాలు, పైన గుమ్మటం. ఆ ఏరియాలోనే డచ్చివాళ్ల తోట కూడా ఉంది. 1691లో పోయిన వాన్ రీడ్ అనే డచ్చివాడి సమాధి అక్కడుంది. మలబారు చెట్టుచేమల మీద పన్నెండు సంపుటాల గ్రంథం రాయించినవాడు అతనే. ఆ పనిలో అతనికి తోడు నిలిచినవాళ్లలో ఇట్టి అచ్యుతన్ అనే కేరళ నాటువైద్యుడు ఒకడు.

అక్కడ కాసేపు నిలబడు బిడ్డా. ఈ వర్తకులు సముద్రాలు దాటి వచ్చిన పనుల్లో పెద్దది బట్టల బేరం. ఇంగ్లీషువాళ్లు 1611లో మన మచిలీపట్నంలో దిగారు, 1613లో సూరత్‌లో కోఠీ పెట్టారు. అక్కడ మనవాళ్లు నేసి అద్దిన బట్ట, ఇక్కడ గుజరాతీలు నేసిన బట్ట ఒకే కంపెనీ ఓడలకెక్కాయి. ఆ బట్ట కొన్నవాడి పేరు రాతి మీద ఉంది. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకొని నేసినవాడి పేరు ఎక్కడా లేదు. మనం పద్మశాలీలం, ఆ నేసినవాళ్ల పిల్లలం. ఆ గుమ్మటాల కింద నిలబడితే నీ చేతిలోని పని ఎంత పాతదో, ఎంతమందిని బతికించిందో నీకే తెలిసొస్తుంది. బీము ఎక్కించేటప్పుడు, తెగిన పోగు అతికేటప్పుడు ఆ సంగతి గుర్తుపెట్టుకో. నీ పనిని నువ్వు చిన్నచూపు చూడవు.

అక్కడి నుంచి పాత బస్తీ సందుల్లో నడుచుకుంటూ మొఘల్ సరాయికి రా. షాజహాన్ కాలంలో, 1644లో, మక్కా పోయే యాత్రికుల కోసం కట్టిన సత్రం అది. 1867 నుంచి మున్సిపాలిటీ ఆఫీసు అందులోనే. తర్వాత చౌక్ బజార్ దగ్గరి కోట. పోర్చుగీసువాళ్లు మాటిమాటికీ వచ్చి ఊరిని తగలబెడుతుంటే, వాళ్ల బాధ పడలేక 1540లలో గుజరాత్ సుల్తాను కట్టించాడు. కార్పొరేషన్ దాన్ని బాగుచేయించి మ్యూజియం చేసింది. పక్కనే తాపీ నది. 2006 ఆగస్టులో ఆ నీళ్లే ఊరిని ముంచేశాయి. ఆనాటి సంగతులు అక్కడి దుకాణాల పెద్దమనుషులను అడుగు, కూర్చోబెట్టి చెబుతారు. అడగాలంటే భాష కావాలి. గుజరాతీ నాలుగు ముక్కలు నేర్చుకో, ఊరు నీతో మాట్లాడుతుంది.

ఆకలేస్తే లోచో అనే ఇక్కడి పలహారం వేడివేడిగా తిను. సాయంత్రం వంతెన దాటి అడాజన్ వైపు పోతే చలికాలంలో పొంక్ అమ్ముతారు. పాలు పట్టిన జొన్న కంకులను నిప్పుల మీద కాల్చి రాల్చిన గింజలు, మన ఊచబియ్యమే. సేవ్ కలిపి పెడతారు. ఒక్క పిడికెడు నోట్లో వేసుకుంటే మన ఊరి చేను గట్టు మీద కూర్చున్నట్టే ఉంటుంది.

నాలుగు జాగ్రత్తలు చెబుతా. నీళ్ల సీసా దగ్గరుంచుకో. పాత చెప్పులతో పో, కొత్తవి కరుస్తాయి. సమాధుల మీద కూర్చోవద్దు, గోడల మీద పేరు చెక్కవద్దు. కావలివాడితో మర్యాదగా మాట్లాడు, తెలిసినవి చెబుతాడు.

రేపు పెండ్లాం, పిల్లలు వచ్చాక వాళ్లనూ తిప్పు. ఈ ఊళ్లో కార్పొరేషన్ వాళ్లు తెలుగు మీడియం బడులు కూడా నడుపుతున్నారు. మన పిల్లలు ఇక్కడే చదివి ఇక్కడే పెద్దవుతారు. ఎవరన్నా మీదే ఊరని అడిగితే తాతల ఊరి పేరు ఎంత గర్వంగా చెబుతారో, సూరత్ పేరు కూడా అంతే గర్వంగా చెప్పాలి. అది నువ్వు చేయి పట్టుకొని తిప్పితేనే వస్తుంది. వచ్చే సెలవుకు పెందలాడే లే బిడ్డా. గదిలో పడుకున్న మనవాళ్లను కూడా లేపి వెంట తీసుకుపో.