గాలిలో బిగించిన బోల్టు

విజయవాడ ఆటోనగర్‌లో ఒక మేస్త్రీ ఉండేవాడు. ఇంజన్ పని ముట్టుకోడు. చక్రానికీ బాడీకీ మధ్య ఉన్నదే నా పని అనేవాడు. ఆయన దగ్గరికి చల్లపల్లి నుంచి ఒకతను 2006 నాటి స్విఫ్ట్ తీసుకొచ్చాడు. వెనక సీట్లో అతని తల్లి కూర్చుని ఉంది. ఆమెకు తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయింది, కర్ర సాయంతో నడుస్తోంది. పెద్దకొడుకు విజయవాడలో ఉంటాడు, చిన్నకొడుకు ఇతను. తండ్రి పెద్దకర్మ నాడు పెద్దమనుషులు కూర్చుని ఆర్నెల్లు అక్కడ, ఆర్నెల్లు ఇక్కడ అని కాగితం రాశారు. ఆ వంతు మారే ప్రయాణంలో దారి మళ్లించి షెడ్డుకు తెచ్చాడు.

"ముందు ఎడంపక్క టకటకమంటోంది మేస్త్రీ గారూ. షాకబ్జర్లు రెండూ కొత్తవి వేయించాను. అలైన్‌మెంట్ చేయించాను. చప్పుడు చప్పుడే."

మేస్త్రీ వెనక తలుపు తీశాడు. "అమ్మా, మీకు ఎప్పుడెప్పుడు వినపడుతోంది?"

"బ్రేకు తొక్కినప్పుడు ఒకటి. వదిలి బండి కదిలినప్పుడు ఇంకొకటి. పెద్ద గోతిలో దిగితే ఏమీ అనదు నాయనా. చిన్న గతుకులకే సణుగుతుంది."

కారు గురించి కారు నడిపేవాణ్ణి అడగడం సగం దండగ. రోజూ వినీ వినీ అతని చెవి ఆ చప్పుడుకు అలవాటు పడిపోయి ఉంటుంది. ఆమె చెప్పిన రెండు చప్పుళ్లతో మేస్త్రీకి సగం పని అయిపోయింది. బ్రేకు పడగానే నేల చక్రాన్ని వెనక్కి లాగుతుంది. చక్రాన్ని పట్టుకున్న లోయర్ ఆర్మ్ ఎక్కడో వదులై ఉంటే ఆ సందు మేరకు వెనక్కి జరిగి కొట్టుకుంటుంది, బ్రేకు వదిలితే ముందుకొచ్చి మళ్లీ కొట్టుకుంటుంది. షాకబ్జర్‌ది పైకీ కిందికీ పని, దానికి బ్రేకుతో ఇంత పొత్తు ఉండదు.

అయినా వినికిడి మీద సామాను కొనిపించే రకం కాదాయన. జాకీ ఎత్తి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాడు. బాల్ జాయింట్‌లో ఆట లేదు. లింక్ రాడ్ చేత్తో కుదిపాడు, గట్టిగానే ఉంది. టైరు లోపలి అంచు మాత్రం తడిమి చూస్తే నున్నగా అరిగిపోయి ఉంది. ఆర్మ్ నిలకడగా లేనప్పుడు అలైన్‌మెంట్ ఎన్నిసార్లు చేయించినా అది షాపు గుమ్మం దాటేవరకే. ఆఖరికి ఆర్మ్‌కీ ఫ్రేముకీ మధ్య టామీ పెట్టి నొక్కాడు. ముందు బుష్‌లో రబ్బరు లోపలి గొట్టాన్ని వదిలేసి విడిగా కదిలింది. వెనక బుష్ మీదా సన్నటి పగుళ్లున్నాయి. శిష్యుడు "ఇదీ పోయింది గురువుగారూ" అన్నాడు. "పైపగుళ్లు వయసువి. లోపల ఊడిందేమో నొక్కి చూసి మాట్లాడు" అన్నాడాయన.

బుష్ చూడ్డానికి ఏమంత వస్తువు కాదు. బయట ఒక ఇనుప గొట్టం, లోపల ఒక సన్న గొట్టం, నడుమ ఆ రెంటికీ అంటుకుని కరిగించి పోసినట్టు రబ్బరు. లోపలి గొట్టం బోల్టుతో ఫ్రేముకు బిగిసిపోతుంది, బయటిది ఆర్మ్‌తో పాటు కదులుతుంది. చక్రం లేచినప్పుడల్లా రబ్బరు మెలిపడుతుంది, దిగినప్పుడల్లా తేరుకుంటుంది. అక్కడ జారేదీ తిరిగేదీ ఏమీ లేదు కాబట్టి గ్రీజు అక్కర్లేదు. పూస్తే రబ్బరు ఉబ్బి పాడవుతుంది కూడా. ఇంజన్ ఆయిలు కారే బండిలో కింద ఉన్న బుష్ ముందు పోయేది అందుకే.

పని శిష్యుడికి అప్పజెప్పాడు. కుర్రాడు వంక పెట్టడానికి లేకుండా చేశాడు. ఆర్మ్‌లు రెండూ విప్పాడు, ఒకవైపే మారిస్తే ఊరుకోననే గురువు మాట గుర్తుంది. పాత బుష్‌లు ప్రెస్‌లో తోయించాడు. కన్నాలు శుభ్రం చేసి, సబ్బునీళ్లు రాసి, గుర్తు ఎటుండాలో చూసుకుని, బయటి గొట్టం మీదే ఒత్తిడి పడేలా కొత్తవి ఎక్కించాడు. బండి లిఫ్టు మీద ఉండగానే, చక్రాలు గాల్లో వేలాడుతుండగానే, గాలి మిషను పెట్టి బోల్టులన్నీ బిగించేశాడు. కిందికి దించి తిప్పి చూస్తే చప్పుడు లేదు. డబ్బులిచ్చి వెళ్లిపోయారు.

నాట్లప్పుడు వెళ్లిన కారు కోతలకు తిరిగొచ్చింది. అదే పక్క, అదే టకటక. ఈసారీ తల్లి వెనక సీట్లోనే ఉంది. "ఫిజియోథెరపీ సగంలో ఉంది, ఈ నెలాఖరుకు వంతు మారాలని అన్నయ్య ఫోన్ల మీద ఫోన్లు" అని కొడుకు ఎవరూ అడక్కుండానే విసుక్కున్నాడు. ఆవిడ కిటికీలోంచి ఆటోనగర్ దుమ్ము చూస్తూ కూర్చుంది.

"డూప్లికేట్ మాల్ అంటగట్టారు గురువుగారూ" అన్నాడు శిష్యుడు, బుష్ అడ్డంగా చిరిగి ఉండడం చూసి.

మేస్త్రీ ఆ చిరుగు చూశాడు, బోల్టు బిగువు చూశాడు. రెండూ చూశాక ఒక కొత్త ఆర్మ్ తెప్పించి, దాని బుష్ లోపలి గొట్టాన్ని బెంచి వైసులో బిగించాడు. ఆర్మ్ కొస కిందికి వాలి ఉంది. "పైకెత్తి పట్టుకో" అన్నాడు. కుర్రాడు బలంగా ఎత్తాడు. వదలగానే అది చప్పున వాలిపోయింది.

"మళ్లీ ఎత్తు. వదలకు."

కాసేపటికి కుర్రాడి మోచేతులు వణికాయి. "ఎంతసేపు పట్టుకోవాలి?"

"నువ్వు గాల్లో బిగించినప్పుడు ఆర్మ్ ఇలా వాలి ఉంది. రబ్బరుకు అదే విశ్రాంతి అని చెప్పేశావు. తర్వాత బండి నేల మీదికి దిగింది. ఇంజన్ బరువు పడి ఆర్మ్ పైకి లేచింది, రబ్బరు మెలిపడింది. రోడ్డు మీద సరే, రాత్రి ఇంటి ముందు నిలబెట్టినా ఆ మెలిక అలాగే ఉంది. దాని మీద గతుకు పడితే మెలికకు మెలిక. నువ్వు ఈ కాసేపటికే అలిసిపోయావు, అది నాట్ల నుంచి పట్టుకునుంది."

ఈసారి బుష్‌లు వేశాక బోల్టులు చేత్తో తిరిగినంత మేరకే తిప్పించాడు. బండిని గుంత మీదికి దించి, నాలుగు చక్రాలూ నేలన ఆనాక బానెట్ మీద చేతులు వేసి గట్టిగా ఊపి, అది తన ఎత్తులో తను కుదురుకున్నాక కిందికి దిగి బిగించాడు. తర్వాత అలైన్‌మెంట్‌కు పంపాడు.

"నేను దిగాలా అబ్బాయ్?" అంది పెద్దావిడ, గుంతలోంచి స్పానర్ చప్పుడు విని.

"కూర్చోండమ్మా. మీ బరువెంతని!"

నీతి

చిన్న వస్తువును చులకన చేయరాదని ఈ కథకు నీతి రాసేయొచ్చు. ఆ నీతికి బుష్ అక్కర్లేదు, చెప్పులో రాయి చాలు. మంచి పనివాడు అరుదు అనీ రాయొచ్చు, కానీ ఈ కథలో కుర్రాడు చెడ్డ పనివాడు కాదు. అతని సామాను మంచిదే, బిగువు మంచిదే. బరువు లేని వేళ చూసి బిగించాడు, అంతే.

పెద్దకర్మ నాటి కాగితమూ అటువంటిదే. రాసినవాళ్లు దుర్మార్గులు కారు. ఆనాడు ఆ తల్లి పొద్దున్నే లేచి చేలగట్టు మీద నడిచొచ్చే మనిషి. ఆర్నెల్లకోసారి బస్సెక్కి వెళ్లిపోగలదు, ఎవరికీ భారం కాదు. ఆ స్థితికి మాటలు చక్కగా సరిపోయాయి. తుంటి విరిగాక ఆ ఇంటి ఎత్తే మారిపోయింది. కాగితం మారలేదు. దాంతో అన్నదమ్ములు గొడవ పడినప్పుడే కాదు, ఊరికే కూర్చుని కాఫీ తాగుతున్నప్పుడూ మెలిపడే ఉన్నారు. ఆపైన నెలాఖరు లాంటి చిన్న గతుకు చాలు. బయటివాళ్లకు వీళ్లలో ఎవరో ఒకరు డూప్లికేట్ సరుకులా కనిపిస్తారు.

కాబట్టి నీతి ఇది: ఒప్పందం ఏదైనా, అది మోయబోయే బరువు మీద పడ్డాకే చివరి చుట్టు బిగించాలి. అలాగని వదులుగా వదిలేయమని కాదు. "మన మధ్య కాగితాలెందుకు, చూసుకుందాంలే" అంటూ ఏళ్లు గడిపేవాళ్లు ఈ కథను తమకు సాక్ష్యంగా తెచ్చుకోవద్దు. చేత్తో తిప్పిన బోల్టుతో మేస్త్రీ ఆ కారును షెడ్డు గేటు దాటనివ్వలేదు. ఆ వదులు బండి కిందికి దిగి కుదురుకునే కాస్సేపటికే. బిగించేసినవాళ్లకూ దారి ఉంది. రబ్బరు ఇంకా చిరగకపోతే బుష్ మార్చక్కర్లేదు. బండిని నేల మీద ఉంచి బోల్టు సడలించి, ఊపి, మళ్లీ బిగిస్తే మెలిక పోతుంది. అన్నదమ్ములు చేయాల్సింది అదే. కాగితం చింపక్కర్లేదు, తల్లిని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఇప్పటి నడకను బట్టి తిరగరాయాలి.

ఈ నీతికి లొంగని బుష్‌లూ ఉన్నాయి. పాలియురేథేన్‌వి చాలావరకు లోపలి గొట్టం చుట్టూ అలా తిరిగిపోతాయి, ఎక్కడ బిగించినా మెలిపడవు. పట్టు గట్టిది, మన్నికా బాగానే ఉంటుంది. కాకపోతే రోడ్డు మీది ప్రతి గులకరాయీ స్టీరింగులోకీ సీటులోకీ వచ్చేస్తుంది. వాటికి మాత్రం గ్రీజు పెట్టాలి, అది ఎండితే కీచుమంటాయి. తుంటి ఆపరేషన్ అయిన మనిషిని ఎక్కించుకునే కారుకు అవి వద్దని మేస్త్రీ అనేవాడు.