దుఃఖించడం ఈమాన్ లోపం కాదు

ఇంట్లో చావు సంభవించినప్పుడు, పరామర్శకు వచ్చినవారి నోట మనం తరచుగా వినే మాట ఒకటుంది: "ఏడవకమ్మా, ఏడిస్తే అల్లాహ్‌కు కోపం వస్తుంది." చెప్పేవారి ఉద్దేశం మంచిదే కావచ్చు. కాని ఆ మాట విన్న తల్లి మీద రెండు భారాలు పడతాయి. బిడ్డ పోయిన దుఃఖం ఒకటి, ఆ దుఃఖం కలగడమే పాపమేమోనన్న భయం మరొకటి. ధర్మం చెప్పని మాటను మనం ధర్మం పేరుతో చెబుతున్నామా అని ఒకసారి ఆలోచించుకోవాలి.

దైవప్రవక్త ముహమ్మద్ (స) కుమారుడు ఇబ్రాహీం మదీనాలో అబూ సైఫ్ అనే కమ్మరి ఇంట్లో పెరుగుతుండేవాడు. ఆ కమ్మరి భార్యే బాబుకు పాలిచ్చే తల్లి. ఆయన (స) అక్కడికి వెళ్లి, కొలిమి పొగ నిండిన ఆ ఇంట్లోనే కొడుకును ఎత్తుకొని ముద్దాడేవారు. హిజ్రీ 10వ సంవత్సరంలో, పాలు తాగే వయసులోనే ఆ బాబు కన్నుమూశాడు. ఆఖరి శ్వాస విడుస్తున్న బిడ్డను చూసి ఆయన (స) కళ్లు చెమర్చాయి. పక్కనే ఉన్న హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) ఆశ్చర్యపోయి, దైవప్రవక్తా, మీరు కూడానా అని అడిగారు. ఇది కారుణ్యమని ఆయన (స) బదులిచ్చారు. కన్నీళ్లు వస్తాయని, హృదయం బాధపడుతుందని, అయితే తమ ప్రభువుకు ఇష్టం లేని మాట మాత్రం నోటి వెంట రానివ్వమని చెప్పారు. సహీహ్ బుఖారీలో ఉన్న హదీసు ఇది.

ఆ రోజే సూర్యగ్రహణం పట్టింది. ఇబ్రాహీం మరణించినందువల్లే సూర్యునికి గ్రహణం పట్టిందని జనం అనుకోసాగారు. పుత్రశోకంలో ఉన్న తండ్రికి ఆ మాట ఓదార్పుగానే ఉంటుంది. మరొకరైతే విని ఊరుకునేవారు. ఆయన (స) ఊరుకోలేదు. సూర్యచంద్రులు అల్లాహ్ సూచనలని, ఎవరి చావు కోసమో, ఎవరి బతుకు కోసమో వాటికి గ్రహణం పట్టదని ప్రజలకు స్పష్టం చేశారు. కంట నీరుంది, కాని సత్యం విషయంలో తొట్రుపాటు లేదు. సహనం అంటే కన్ను తడవకపోవడం కాదని మనకు దీనివల్ల అర్థమవుతుంది.

హజ్రత్ యాఖూబ్ (అలై) సంగతి చూడండి. కొడుకు యూసుఫ్ కనబడకుండా పోయినప్పుడు ఆయన సొగసైన సహనం, అంటే సబ్రె జమీల్ వహిస్తానన్నారు (12వ సూరా, 18వ ఆయతు). అదే సూరాలో 84వ ఆయతుకు వచ్చేసరికి దుఃఖంతో ఆయన కళ్లు తెల్లబడిపోయాయి. ఈ రెండింటికీ పొంతన లేదని ఎవరైనా అనుకుంటే 86వ ఆయతు చదవాలి. తన బాధను అల్లాహ్‌కే మొరపెట్టుకుంటున్నానని ఆయన అంటారు. అల్లాహ్ ముందు గోడు వెళ్లబోసుకోవడం సహనానికి విరుద్ధం కాదు. ఇక 87వ ఆయతులో కొడుకులను పిలిచి, వెళ్లి యూసుఫ్‌ను, అతని తమ్ముణ్ణి వెదకండి, అల్లాహ్ కారుణ్యం పట్ల నిరాశ చెందకండి అని ఆదేశిస్తారు. చూపు పోయిన వృద్ధుడు చేయగలిగిన ప్రయత్నం మానలేదు.

మరి హద్దు ఎక్కడుంది? చెంపలు బాదుకోవడం, బట్టలు చింపుకోవడం, అజ్ఞానకాలపు పెడబొబ్బలు, వీటిని దైవప్రవక్త (స) వారించారు. ఒక స్త్రీ సమాధి దగ్గర ఏడుస్తుంటే, అల్లాహ్‌కు భయపడి సహనం వహించమని ఆయన (స) చెప్పారు. ఆమె ఆయనెవరో గుర్తుపట్టలేదు. నా మీద పడిన కష్టం నీ మీద పడలేదు, నా దారిన నన్ను వదిలిపెట్టు అన్నది. ఆయన (స) వెళ్లిపోయారు. తర్వాత తెలుసుకొని ఆమె పరుగున ఇంటికి వచ్చి, మిమ్మల్ని గుర్తించలేకపోయానని చెప్పుకుంటే, సహనమనేది తొలి దెబ్బ తగిలినప్పుడే అని మాత్రం అన్నారు. ఆమె దురుసు మాటను ఆయన (స) ఎత్తనే లేదు. పరామర్శకు వెళ్లే మనం ఈ హదీసులోని ఆ మౌనాన్ని కూడా నేర్చుకోవాలి.

శోకంతో పాటు వచ్చేది కోపం. నిలబడి ఉన్నప్పుడు కోపం వస్తే కూర్చోవాలి, అప్పటికీ తగ్గకపోతే పడుకోవాలి అని అబూ దావూద్ హదీసు. నిలబడినవాడి చేయి లేచినంత త్వరగా పడుకున్నవాడి చేయి లేవదు. నేడు చేతికంటే ముందు ఫోను లేస్తోంది. కోపంలో పంపిన వాట్సాప్ మెసేజీ అన్నదమ్ముల మధ్య రాకపోకలు తెంచేస్తోంది. కూర్చోవడంతో పాటు ఫోను పక్కగదిలో పెట్టడం కూడా ఈ కాలానికి అవసరమే.

దైవప్రవక్త (స) తరచూ చేసే ఒక దుఆను హజ్రత్ అనస్ (రజి) తెలిపారు. అందులో 'హమ్మ్' నుంచి, 'హజన్' నుంచి శరణు కోరారు. హమ్మ్ అంటే రాబోయేదాన్ని గురించిన దిగులు, హజన్ అంటే జరిగిపోయినదాన్ని గురించిన దుఃఖం అని పండితులు వివరించారు. అదే దుఆలో అప్పుల భారం ప్రస్తావన కూడా ఉంది. అప్పు మనిషి మనసును కుంగదీస్తుందని ఆ దుఆ నేర్పినవారికి తెలుసు. కాబట్టి అప్పులపాలైన సోదరుణ్ణి, నీకు తవక్కుల్ లేదని దెప్పడం మన పని కాదు.

కొందరికి దుఃఖం నెలలు గడిచినా తగ్గదు. నిద్ర పట్టదు, తిండి సహించదు, బతకాలనిపించదు. అది జబ్బు కావచ్చు. చికిత్స చేయించుకోమని, మందు లేకుండా అల్లాహ్ ఏ వ్యాధినీ పెట్టలేదని దైవప్రవక్త (స) చెప్పారు. ఆ మాట శరీరానికే గాని మనసుకు వర్తించదని ఎవరూ అనలేరు. నమాజు చేయించాలి, డాక్టరు దగ్గరికీ తీసుకువెళ్లాలి. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీమానస్ సేవకు 14416 నంబరుకు ఫోను చేయవచ్చు. రాత్రీ పగలూ, ఉచితంగా మాట్లాడతారు.

ఇక ఇరుగుపొరుగు సంగతి. హిజ్రీ 8వ సంవత్సరంలో మూతా యుద్ధంలో హజ్రత్ జాఫర్ (రజి) షహీద్ అయిన వార్త వచ్చినప్పుడు, ఆయన ఇంటివారికి వంట చేసి పంపమని దైవప్రవక్త (స) చెప్పారు. వంట సంగతి పట్టించుకునే స్థితిలో వారు లేరు కనుక. మన దగ్గర ఇది తలకిందులైంది. జియారత్‌కు, చెహ్లుంకు చావు జరిగిన ఇంటివారే అప్పు చేసి దేగ్‌లు ఎక్కించి వచ్చినవారికి భోజనాలు పెడుతున్నారు. భర్త పోయిన స్త్రీ ఇద్దత్ నాలుగు నెలల పది రోజులు పూర్తి కాకముందే ఆ అప్పు తీర్చమని ఒత్తిడి మొదలవుతుంది.

హజ్రత్ ఆయిషా (రజి) తమ బంధువుల్లో ఎవరైనా మరణిస్తే, పరామర్శకు వచ్చిన స్త్రీలందరూ వెళ్లిపోయి ఇంటివారు, దగ్గరివారు మిగిలాక తల్బీనా వండించేవారు. తల్బీనా అంటే పిండితో కాచే పల్చని జావ. అది హృదయానికి ఊరటనిస్తుందని, దుఃఖాన్ని కొంత తగ్గిస్తుందని దైవప్రవక్త (స) చెప్పగా విన్నానని ఆమె తెలిపారు. జనం వెళ్లిపోయిన తర్వాత అన్న మాట గమనించండి. మూడో రోజు తర్వాత ఆ ఇంటి తలుపు తట్టేవారు తక్కువ. వేడి జావ గిన్నె పట్టుకొని ఒకరు వెళ్లవలసింది అప్పుడే. ఎక్కువ మాటలు అక్కర్లేదు, తినేదాకా పక్కన కూర్చుంటే చాలు.